వసాయి కోట గోడ ఎక్కడ కూలింది? బాపుతో ఐదు రోజులు

మొదటి రోజు, భివండి

మా బాపు సింగరేణిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరయ్యాడు. బొగ్గు గోడకు రంధ్రాలు వేశాక వాటిలో మందు కూరి, మట్టి ముద్దలతో మూతి బిగించి, అందరినీ దూరం పంపి పేల్చే పని. ముప్పై ఏళ్లకు పైగా చేశాడు. పని గురించి ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పోయిన ఏడాది నేను ముంబై దగ్గరి వసాయి కోటను 1739లో మరాఠాలు పోర్చుగీసువాళ్ల నుంచి తీసుకున్న ముట్టడి గురించి చదువుతూ, బురుజుల కిందికి సురంగాలు తవ్వి మందు పెట్టి పేల్చారట బాపూ, వాటిలో కొన్ని టైముకు పేలలేదట అని ఊరికే చెప్తే, అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపి "మిస్‌ఫైర్ అయిందా?" అన్నాడు. కొంచెంసేపటికి మళ్లీ, "ఆ గోడ ఇంకా ఉన్నదా?" అన్నాడు.

అలా మొదలైంది ఈ ప్రయాణం. జనవరిలో నిజామాబాద్‌లో రైలెక్కి, తెల్లవారేసరికి కల్యాణ్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో భివండి చేరాం. భివండి పద్మానగర్‌లో మా పెద్దబాపు ఉంటాడు. మాది నేత కుటుంబమే, అన్నదమ్ములిద్దరిలో పెద్దాయన సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి భివండి వచ్చాడు, చిన్నాయన బొగ్గుబాయికి పోయాడు. పద్మానగర్‌లో నడుస్తుంటే అంగళ్ల మీద తెలుగు బోర్డులు, వీధిలో కరీంనగర్ మాట, నల్లగొండ మాట, వరంగల్ మాట, వెనకనుంచి సాంచాల చప్పుడు. బాపుకు ఎడమ చెవి సరిగా వినపడదు, అయినా ఆ చప్పుడు వినగానే "మన సిరిసిల్ల లెక్కనే ఉన్నది" అన్నాడు.

సాయంత్రం పెద్దబాపుకు ఎందుకొచ్చామో చెప్పాను. ఆయన వసాయి కోట ఎన్నడూ చూడలేదు, నలభై ఏళ్లుగా గంటన్నర దూరంలో ఉండి కూడా. కానీ అంజూర్ అని నేను పేరు ఎత్తగానే "అంజూర్‌ఫాటా మనకు దగ్గరనే కదా" అన్నాడు. అవును, ఆ అంజూరే. ఈ యుద్ధానికి వేరు అక్కడుంది. అంజూర్‌కు చెందిన గంగాజీ నాయక్, ఆయన అన్నదమ్ములు పోర్చుగీసు పాలనలో ఉండలేక పుణె వెళ్లి పీష్వాను, అంటే మరాఠాల ప్రధానిని, కలిసి, వచ్చి ఈ నేలను విడిపించమని అడిగినవాళ్లలో ముఖ్యులు. 1534లో గుజరాత్ సుల్తాన్ బహదూర్ షా వసాయిని పోర్చుగీసువాళ్లకు వదులుకున్నాడు. అప్పటి నుంచి 205 ఏళ్లు అది వాళ్లదే. గోవా తర్వాత వాళ్లకు ఈ తీరంలో అంత పెద్ద ఊరు ఇంకోటి లేదు, ఉత్తరాది స్థావరాలన్నిటికీ అదే రాజధాని. మత విచారణల పేరుతో గుళ్లు కూల్చడం, పండగలు చేసుకోనీయకపోవడం, భూములు లాక్కోవడం, ఇవన్నీ చూసి విసిగిన ఊరివాళ్లే దారి చూపించారు, దారులన్నీ తెలిసినవాళ్లు కూడా వాళ్లే. మరాఠా సైన్యం పై నుంచి వచ్చి ఊడిపడ్డట్టు మనం చదువుకుంటాం గానీ, లోపలి మనిషి పిలవకపోతే ఇంత బురద, ఇన్ని సముద్రపు పాయలు దాటి ఎవరు వస్తారు?

పెద్దమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు చేసింది. రైలు తిండి తిని వచ్చిన బాపు నాలుగు రొట్టెలు తిన్నాడు.

రెండో రోజు, వజ్రేశ్వరి

మా అన్న (పెద్దబాపు కొడుకు) కారులో తీసుకెళ్లాడు. భివండి నుంచి గంటలోపే. గోదాములు, కంటైనర్ లారీలు దాటాక తాన్సా నది, కొండలు, ఒక్కసారి గాలి మారిపోతుంది.

గుడి చూస్తే చిన్న కోటలాగే ఉంది. రాతి గోడ, పైన నగారాఖానా (నగారాలు మోగించే మేడ), దానికి 52 మెట్లు. మెట్ల మధ్యలో ఒకచోట తాబేలు చెక్కి ఉంది, ఎక్కేవాళ్లందరూ వంగి దాన్ని తాకి పోతున్నారు. చిమాజీ అప్పా, అంటే పీష్వా మొదటి బాజీరావు తమ్ముడు, వసాయి కోట దక్కితే అమ్మవారికి గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడట. గెలిచాక వసాయి సుబేదారు శంకరాజీ కేశవ్ ఫడ్కే ఆ మొక్కు తీర్చాడు. కోట ఎలా పడుతుందో దేవి కలలో చెప్పిందని ఇక్కడ అందరూ చెప్తారు. పక్కన కూర్చున్న పూలమ్మే ఆమె కూడా మరాఠీ, హిందీ కలిపి మాకు ఇదే చెప్పింది, చెప్పేటప్పుడు గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంది.

బాపు మాత్రం మెట్ల మీద కూర్చుని ఒక మాట అన్నాడు. "రెండేండ్లు కొట్లాడినా పడకపోతేనే మొక్కుతరు బిడ్డా. మొదటిరోజే పడితే ఎవలు మొక్కుతరు."

నిజమే. 1737లో మరాఠాలు ఠాణే తీసుకున్నారు, సాల్సెట్ దీవి (ఇప్పటి ముంబై ఉత్తర భాగం) దాదాపు అంతా చేతికొచ్చింది, వసాయి మాత్రం రాలేదు. నిచ్చెనలు వేసి గోడ ఎక్కబోయి ఒకటికి రెండుసార్లు దెబ్బతిన్నారు. ఆ ఏడాది చివర్లో సైన్యంలో పెద్ద భాగం ఉత్తరానికి పోయింది, భోపాల్ దగ్గర బాజీరావు మన హైదరాబాద్ నిజామ్‌ను, అంటే మొదటి నిజామ్ ఉల్ ముల్క్‌ను, చుట్టుముట్టి 1738 జనవరిలో సంధికి దించాడు. మల్హార్‌రావు హోల్కర్, రాణోజీ శిందే అనే మరాఠా సర్దారులు అక్కడున్నవాళ్లే. అక్కడ పని అయ్యాకే వాళ్లు కొంకణానికి, అంటే ఈ తీర ప్రాంతానికి, దిగారు. 1739 జనవరిలో పోర్చుగీసువాళ్ల తారాపూర్ కోట మీద పడితే కోట దక్కింది కానీ బాజీ భివరావ్ అక్కడ తుపాకీ గుండుకు పోయాడు. చిమాజీకి, బాజీరావుకు చాలా దగ్గరి మనిషి. ఫిబ్రవరి నడిమికి అందరూ వసాయి ముందుకు చేరారు.

తిరిగొచ్చేటప్పుడు వేడినీటి గుండాల దగ్గర ఆగాం. బాపు మోకాళ్ల దాకా కాళ్లు పెట్టి అరగంట కదల్లేదు. బాయిలో నీళ్లలో నిలబడి నిలబడి ఆయన మోకాళ్లు ఎప్పుడో పోయాయి.

మూడో రోజు, వసాయి

ఈ రోజు గురించే ఎక్కువ రాస్తాను, వచ్చింది దీనికోసమే.

భివండి నుంచి కామణ్, చించోటి మీదుగా వెళ్లాం. రోడ్డు బాగాలేదు, లారీల మధ్య కారు నడపడం అన్నకు టెన్షనే. హైవే దాటి వసాయి ఊళ్లోకి దిగాక అరటి తోటలు, పూల తోటలు, తమలపాకు పందిళ్లు, ప్రతి మలుపులో ఒక శిలువ, దానికి బంతిపూల దండ. ఇక్కడి క్రైస్తవులు మరాఠీలోనే ప్రార్థన చేసుకుంటారు. పోర్చుగీసువాళ్లు పోయారు, వీళ్లు ఉండిపోయారు. జపాన్‌లోని నాగసాకిలో 1597లో శిలువ వేయబడ్డ క్రైస్తవ సెయింట్ గొన్సాలో గార్సియా ఈ ఊళ్లో పుట్టినవాడే. కోటలోని పాత జెస్యూట్ (ఒక క్రైస్తవ సన్యాసుల సంఘం) చర్చిలో ఆయన పండగ ఇప్పటికీ జరుగుతుంది.

కోట దగ్గర దిగగానే కనిపించేది కోట కాదు, చెట్లు. గోడ చుట్టుకొలత దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు, 11 బురుజులు, లోపల ఒకప్పుడు పెద్ద పట్నం ఉండేది. ఇప్పుడు కప్పులు పోయిన చర్చిలు, వాటి గోడల్లో మర్రి వేళ్లు, నేల మీద చనిపోయిన ప్రభువుల పేర్లు చెక్కిన సమాధి రాళ్లు, వాటి మీదుగా పెళ్లి ఫొటోల కోసం గౌను సర్దుకుంటూ నడిచే అమ్మాయిలు. తాటిచెట్లు చాలా ఉన్నాయి, అందులో కొన్ని మానే రెండుగా చీలి పైకి పోయినవి, బాపు వాటి దగ్గర ఆగి పైకి చూశాడు. నాగేశ్వర గుడి ఉంది, చిమాజీ అప్పా విగ్రహం ఉంది. సముద్రం వైపు ద్వారం దాటితే జాలర్ల వాడ, గుంజలకు కట్టిన తాళ్ల మీద బొంబిల్ చేపలు ఎండుతున్నాయి, ఆ వాసన కోటలోపలికి కూడా వస్తుంది.

మేం మాత్రం ఉత్తరం వైపు గోడ పట్టుకుని నడిచాం. ఎందుకంటే కోటకు మిగతా వైపులంతా సముద్రం, దాని పాయలు, బురద. మనిషి నిలబడి తవ్వగలిగిన నేల అటొక్కటే, అదీ ఇసుక నేల. రెమెడియోస్ మాత, సాన్ సెబాస్టియన్ అని రెండు బురుజుల పేర్లు ఈ ముట్టడి కథలో మళ్లీ మళ్లీ వస్తాయి. ముట్టడి బరువంతా వాటి మీదే పడింది.

ముళ్లపొదలు, అక్కడక్కడా చెత్త. ఒకచోట గోడ తక్కువగా ఉండి రాళ్లు లోపలికి జారినట్టు కనిపించింది. అదే ఆ చోటని నేను చెప్పలేను, 1780లో ఇంగ్లీషు జనరల్ గొడార్డ్ కూడా ఈ కోటను ఫిరంగులతో కొట్టి తీసుకున్నాడు కదా, ఏ గండి ఎవరిదో. కానీ బాపు అక్కడే ఆగాడు. చెప్పులు విడిచి రాయి మీద కూర్చుని, గోడ మందం చూసి, కింద నేల చూసి, పిడికెడు ఇసుక తీసి వదిలాడు.

"దీంట్ల సురంగం ఎట్ల తవ్విన్రు? ఇది నిలువదు. పైకి కట్టెలు గట్టకపోతే మీదనే కూలుతది."

నాకు తెలిసినంత చెప్పాను. ఫిబ్రవరి నుంచి వంకర టింకరగా కందకాలు తవ్వుకుంటూ, ఇసుక బుట్టలు అడ్డం పెట్టుకుంటూ, రోజుకు కొంచెం గోడ దగ్గరికి జరిగారు. పై నుంచి పోర్చుగీసువాళ్లు తుపాకులు, ఫిరంగులు, మండే నూనె గుడ్డలు. సముద్రం మీద మరాఠాల వైపున్న మానాజీ ఆంగ్రే ఓడలు. లోపలివాళ్లు బొంబాయిలోని ఇంగ్లీషు వాళ్లను సాయం అడిగితే, వాళ్లు కొంత మందుగుండు ఇచ్చి, చర్చిల వెండి సామాను, ఇత్తడి ఫిరంగులు తాకట్టు పెట్టుకుని 15,000 రూపాయలు ఇచ్చారు. అంతకుమించి కదల్లేదు. లోపల కెప్టెన్ జనరల్‌గా ఉన్న మార్టిన్యో ద సిల్వేరా ముట్టడిలోనే చచ్చిపోయాడు, తర్వాత కెయెతానో ద సోజా పెరైరా బాధ్యత తీసుకున్నాడు. బయట చిమాజీకి ఇంకో తొందర. అదే ఫిబ్రవరిలో నాదిర్‌షా కర్నాల్‌లో మొగలు సైన్యాన్ని ఓడించి మార్చిలో ఢిల్లీలో ఊచకోత కోయించాడు, అటు కాచుకోవడానికి మనుషులు కావాలని బాజీరావు అడుగుతున్నాడు. వసాయి వదిలి పోలేరు, వసాయి పడట్లేదు. ఎండలు ముదిరాయి, ఇంకో నెలైతే వానలు పడి కందకాలన్నీ నీళ్లతో నిండిపోతాయి.

మే మొదట్లో బురుజుల కింద మందు పేల్చారు. కొన్ని పేలాయి, గండి పడింది, సైనికులు పరుగెత్తారు. కొన్ని అప్పుడు పేలలేదు. గండిలోకి జనం ఎక్కాక పేలాయి, ఆ రాళ్లు మరాఠా సైనికుల మీదే పడ్డాయి.

ఇది చెప్పగానే బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు, నేను ఫోనులో రాసుకుంటూ పోయాను, ఆయన మాటల్లోనే పెడుతున్నా.

"వత్తులు ఒక్కతీరుగ కాలయి బిడ్డా. సముద్రం పక్కన గాలిల చెమ్మ, ఇసుకల చెమ్మ. ఒక వత్తి జర తడిస్తే నిమిషం ఆగి కాలుతది. ఒకటి నడుమల ఆరినట్టే ఉంటది, లోపల కనకనలాడుతనే ఉంటది. మూతి సరిగ బిగియ్యకపోతే మందు ఎటు సులువైతే అటే తంతది, గోడకు తన్నదు, తవ్వినోని మీదికే వస్తది. మా బాయిల పేలని హోల్ ఉంటే, టైము అయ్యేదాక ఎవ్వలూ అటు పోవద్దు. అది మొదటి రూలు. ఎంత పెద్ద ఆఫీసర్ జెప్పినా పోవద్దు. వీళ్లకు ఆ టైము ఏడిది? గండి పడ్డంక పావుగంట ఆగితే లోపలోడు మళ్ల మూస్తడు. ఉరకాలె. పేలనిది ఉన్నదని తెలిసినా ఉరకాలె."

నేను ఇంతకుముందు ఈ ముట్టడి గురించి చదివినవాటిలో వ్యూహం ఉంది, సర్దారుల పేర్లున్నాయి, లెక్కలున్నాయి. పేలని మందు మీదుగా పరుగెత్తమని చెప్పిన క్షణం గురించి ఇలా ఎవరూ చెప్పలేదు. సురంగాలు తవ్వినవాళ్ల పేర్లు నేను చదివినవాటిలో ఒక్కటి కూడా లేదు. హోల్కర్, శిందే, ఆంగ్రే, చిమాజీ, ఈ పేర్లన్నీ ఉన్నాయి. రాత్రిపూట ఇసుకలో బోర్లా పడుకుని గోడ మొదట్లోకి మందు పీపాలు నెట్టినవాడి పేరు లేదు. విగ్రహం దగ్గర నేనూ దండం పెట్టాను, చిమాజీ అంటే నాకు గౌరవం ఉంది, ఇక ముందు కూడా ఉంటుంది, కానీ బాపు ఆ రాయి మీద కూర్చున్నప్పుడు నాకు ఆ పేరులేని మనుషులే కళ్లముందు తిరిగారు.

ఆ మందు పేలిన మరుసటి రోజు సాన్ సెబాస్టియన్ బురుజు పేలి కూలింది, మరాఠాలు దానిమీద జెండా పాతారు. అప్పుడు కానీ లోపలివాళ్లు సంధికి రాలేదు. ముట్టడిలో మరాఠాల వైపు చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు 5,000 పైన, పోర్చుగీసువాళ్ల వైపు దాదాపు 800 అని చరిత్రకారుల లెక్క. అంత మందిని పోగొట్టుకున్న సైన్యం లోపలికి వచ్చి ఏం చేస్తుందో అని ఎవరికైనా భయమే కదా. కానీ చిమాజీ వాళ్లకు గడువిచ్చాడు. సైనికులు ఆయుధాలతో, డప్పులు మోగించుకుంటూ, కుటుంబాలతో సహా బయటికి వెళ్లిపోవచ్చు, ఉండదలచినవాళ్లు తమ మతంతో ఉండవచ్చు అని ఒప్పందం. వాళ్లు అలాగే వెళ్లారు. పొద్దున తోటల మధ్య చూసిన ఆ పూలదండల శిలువలు ఇంకా ఉండడానికి ఆ ఒప్పందం కూడా ఒక కారణమని నా నమ్మకం.

"నీకు ఎన్నడన్నా అయిందా బాపూ, అట్ల?" అని అడిగాను. "అయింది" అన్నాడు. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని లేచాడు, నేను ఇంకేం అడగలేదు.

ఊళ్లో సుకేళీ కొన్నాం. అరటిపండును ఎండబెట్టి చేసేది, పైన బంగారు రంగులో, నమిలితే తేనెలా సాగుతుంది. పెద్దమ్మకు ఒక పొట్లం, అమ్మకు ఒక పొట్లం.

నాలుగో రోజు, ఆర్నాళా

ఒక్కరోజు ముందో వెనకో చూడాల్సిన చోటు. వసాయికి ఉత్తరాన వైతర్ణా నది సముద్రంలో కలిసేచోట చిన్న దీవి, పోర్చుగీసువాళ్లు ఆవుల దీవి అనేవారు. 1737లోనే మరాఠాలు దీన్ని తీసుకుని కోట మళ్లీ కట్టారు. వసాయికి సముద్రం మీదుగా వచ్చే సాయం మీద కన్నువేసి ఉంచడానికి ఇది కావాలి. ఒడ్డు నుంచి పడవ, పది నిమిషాలు కూడా పట్టదు, కాకపోతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మోకాలు లోతు నీళ్లు. బాపు ప్యాంటు మడిచి అందరికంటే ముందు దిగాడు.

ద్వారం మీద సింహాలు చెక్కారు, బాజీరావు పేరుతో శాసనం ఉంది. లోపల కూరగాయల మళ్లు, శివుడి గుడి, దాని ముందు ఎనిమిది మూలల కోనేరు. చుట్టూ ఉప్పు సముద్రం, ఆ కోనేట్లో మంచినీళ్లు. ముట్టడి కాలంలో అంతకుమించిన ఆయుధం ఉండదు. జాలరి ఇళ్ల ముందు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, బాపు కాసేపు అంపైర్‌గా నిలబడ్డాడు, మరాఠీ ఒక్క ముక్క రాకుండానే.

ఐదో రోజు, నాసిక్

పెద్దబాపు దగ్గర సెలవు తీసుకున్నాం. వాకిట్లో నిలబడి "మళ్లెప్పుడొస్తవ్ తమ్మీ" అంటే బాపు "నువ్వే రా అన్నా, ఊరుకు" అన్నాడు. ఇద్దరి కళ్లూ తడిశాయి.

తిరుగు రైలు నాసిక్ మీదుగానే కాబట్టి మధ్యాహ్నం అక్కడ దిగాం. వసాయి చర్చిల గంటలు విజయ చిహ్నాలుగా మరాఠా సర్దారులతో వెళ్లి ఇప్పుడు గుళ్లలో వేలాడుతున్నాయి. భీమాశంకర్‌లో ఒకటి, వాయి దగ్గర మెణవలిలో ఒకటి, నాసిక్ పంచవటిలో నారోశంకర్ గుడిలో ఒకటి. తాకట్టు పెట్టిన వెండి బొంబాయి ఇంగ్లీషు వాళ్లకు, గంటలు ఘాట్లెక్కి గోదావరి ఒడ్డుకు.

నారోశంకర్ గుడి 1747లో కట్టింది, గంట నది వైపు గోడ మీద చిన్న మంటపంలో ఉంది. దాని మీద 1721 అని పోత పోసిన ఏడాది ఉంది, అంటే వసాయి పడేటప్పటికి దాని వయసు 18 ఏళ్లు. 18 ఏళ్లు ప్రార్థనకు పిలిచింది, ముట్టడి మూడు నెలలూ బహుశా వేరే పనికి మోగి ఉంటుంది. వసాయి గెలిచిన చిమాజీ అప్పా 1740 డిసెంబరులో చనిపోయాడు, అంతకు ముందు ఏప్రిల్‌లోనే బాజీరావు పోయాడు. గెలుపు దక్కిన రెండేళ్లు నిండకుండా అన్నదమ్ములిద్దరూ లేరు.

గోదావరికి పెద్ద వరదొస్తే నీళ్లు గంట దాకా వస్తాయని, అది ఊరికి హెచ్చరిక అని ఘాట్ మీద కొబ్బరికాయలమ్మే ఆయన చెప్పాడు. బాపు తల కుడివైపు తిప్పి వినే చెవితో మళ్లీ అడిగి విన్నాడు. తర్వాత మెట్లు దిగి నీళ్లలో చేతులు కడుక్కున్నాడు. మేం ఉండేది గోదావరిఖనిలో, ఇదే నది.

"ఈ నీళ్లు మన దాక ఎన్నిరోజులకొస్తయి?" అన్నాడు.

"మధ్యలో జాయక్‌వాడి ఆపుతది, శ్రీరాంసాగర్ ఆపుతది బాపూ."

"ఆపినా వస్తయి" అని, ఖాళీ అయిన మంచినీళ్ల బాటిల్ ముంచి నింపి మూత గట్టిగా బిగించాడు. అమ్మకు ఇవ్వాలట. రైలులో రాత్రంతా దాన్ని సుకేళీ పొట్లంతో కలిపి తలకింద సంచిలో పెట్టుకుని పడుకున్నాడు.